ఎద్దు మీద ఏడుపు

పెళ్ళి కుదిరిన ఆడపిల్లకు ఊళ్ళల్లో వంట నేర్పిస్తారు. మా తండాలో ఏడవడం నేర్పిస్తారు.

కొంగుతో కళ్ళు ఒత్తుకునే ఏడుపు కాదు. దానికి రాగం ఉంది, వరస ఉంది, ఢావ్లో అని పేరు కూడా ఉంది. అత్తారింటికి బయలుదేరే పూట పెళ్ళికూతురు అమ్మ, బాపు, అన్న, మేనమామ ఇట్లా ఒక్కొక్కరి మెడ పట్టుకుని, వాళ్ళ వాళ్ళ సంగతులు చెప్పుకుంటూ పాడాలి, పాడుతూ ఏడవాలి. ఒకరికి పాడింది ఇంకొకరికి పనికిరాదు. బాపు పాట మేనమామకు పాడితే మేనమామ అలిగి అన్నం ముట్టడు. అందరూ అయ్యాక ఎద్దు వీపు మీద నిలబడి తండా మొత్తానికి సెలవు పాట ఎత్తుకోవాలి. ఎద్దే ఎందుకంటే, మా ముందుతరాలవాళ్ళు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశాలు తిరిగినవాళ్ళు. ఇప్పుడు మా గుట్ట మీద ఎద్దు లేదు. ట్రాక్టర్లున్నాయి, ఆటోలున్నాయి, ఒక జేసీబీ ఉంది. "జేసీబీ మీద నిలబడి ఏడిస్తే నడవదా?" అని నేను అడిగాను. నానమ్మ చేతిలో ఉన్న చీపురు నా దిక్కు ఎగిరొచ్చింది.

మాది లంబాడీ తండా. ఇంట్లో మాట లంబాడీలోనే నడుస్తుంది. ఇక్కడ దాన్ని గుట్ట కింది తెలుగులో పెడుతున్నాను. తిట్లు మాత్రం తెలుగులో అంత రుచిగా రాలేదు, వదిలేశాను.

అసలు చిక్కు ఏమిటంటే, నాకు ఏడుపు రాదు. నేను నిజామాబాద్‌లో ఒక పళ్ళ డాక్టర్ దగ్గర పనిచేస్తాను. బయట గదిలో పేర్లు పిలవడం, లోపల పన్ను పీకేటప్పుడు పేషెంటు చెయ్యి పట్టుకోవడం నా పని. జక్రాన్‌పల్లి నుంచి బుల్లెట్ బండి మీద వచ్చిన ఆరడుగుల మనిషి సూది కనబడగానే "అవ్వా!" అంటాడు. "అన్నా, గీ సూది నీకు గాదు, పక్క కుర్సీకి" అంటాను. అతను పక్క కుర్చీ దిక్కు చూసేలోపల పన్ను డాక్టర్ చేతిలో ఉంటుంది. ఏడుపు ఆపినందుకే నాకు జీతం. చిన్నప్పటి నుంచీ అంతే. తీజ్ పండుగలో పెళ్ళికాని పిల్లలం బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతాం. చివరి రోజు వాటిని నీళ్ళలో వదిలేటప్పుడు ఆడపిల్లలంతా బోరుమంటారు. "రొట్టెలు తిన్నన్నాళ్ళు ఎవ్వలు ఏడ్వలే, మొలకలకు ఏంది?" అన్నాను ఒకసారి. ఆ యేడు ఏడుపు సగంలో ఆగిపోయి అందరూ నీళ్ళలో నిలబడి నవ్వారు. పెద్దవాళ్ళు నన్ను తరిమారు.

మా నానమ్మ వేరే పార్టీ. చుట్టుపక్కల తండాల్లో పెళ్ళి అంటే ముందు ఆమెను పిలిచేవాళ్ళు. "దాదీ, మా పిల్లకు ఏడ్సుడు నేర్పు" అని. ఆమె నేర్పిన పిల్ల పాడితే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా కండువాలు తడుపుకునేవారట. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ మాట దగ్గర కూలబడ్డారో ఆమెకు నోటికి వచ్చు. క్రికెట్ పిచ్చోళ్ళు పాత మ్యాచులు చెప్పుకున్నట్టు చెబుతుంది.

కిందటి ఎండాకాలం మా చిన్నాయన కూతురి పెళ్ళయింది. ఆ పిల్లకు పాట నేర్చుకునే తీరిక లేదు. ఫోనులో ఎవరో పాడిన ఢావ్లో దొరికితే దాన్ని స్పీకర్ డబ్బాకు తగిలించి, తాను పెదాలు కదిలించింది. బాగానే నడిచింది. మేనమామ మెడ పట్టుకున్న సమయానికి పాట ఆగి సిమెంటు ప్రకటన మొదలైంది. పిల్ల మెడ వదల్లేదు. వదిలితే దొంగతనం బయటపడుతుంది కదా. ఇల్లు గట్టిగా ఉండాలంటే ఏం వాడాలో ఒక మగగొంతు చెబుతుంటే, ఆమె భుజాలు ఎగరేస్తూ ఏడ్చింది. మేనమామ పాపం, సిమెంటుకు కూడా ఏడ్చాడు.

నేను నవ్వి నవ్వి పందిరి గుంజ పట్టుకున్నాను. నానమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని నన్ను దగ్గరికి పిలిచింది.

"సూడు పిల్లా. ఇగ డబ్బలే ఏడుస్తయ్. నన్నెవ్వలు పిలుస్తలేరు. నీ పెండ్లి ఒక్కటున్నది. నువ్వు నీ నోటితోని పాడితె గీ పోరిలు సూస్తరు, ఒక్కరన్న నేర్సుకుందమనుకుంటరు. నువ్వు గూడ అండ్ల నవ్వినవనుకో, నేను నోరు మూసుకుంట. పాట నాతోనే పోతది. గంతే."

ఏడుపు పాటల మనిషి, ఈ మాట మాత్రం కంట్లో చుక్క లేకుండా చెప్పింది. అందుకే నాకు కొంచెం భయమేసింది.

సంబంధం రుద్రూర్ దిక్కు తండా నుంచి కుదిరింది. పెళ్ళికొడుకు చెరుకు ట్రాక్టర్ నడుపుతాడు, తక్కువ మాట్లాడతాడు. మా ఇద్దరికీ కలిపి సరిపడా నేను మాట్లాడతాను కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ముహూర్తం అనుకోగానే మా వాకిట్లో ఏడుపు బడి మొదలైంది.

నానమ్మ రేషన్ బియ్యం బస్తా ఒకటి తెచ్చి గోడకు ఆనించి నిలబెట్టింది.

"గిదే నీ బాపు. మెడ పట్టుకో."

"బాపు గింత మెత్తగ ఉండడు గద దాదీ."

"బస్త గన్ని మాటలు మాట్లాడదు. పట్టుకో."

పట్టుకున్నాను. బియ్యం పురుగొకటి నా చెవి మీదికి ఎక్కింది. "బాపూ, నీ నోట్ల తంబాకు..." అని మొదలుపెట్టాను. గోడ మీద కూర్చున్న తండా ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. స్కూలు విడిచిపెట్టగానే వాళ్ళంతా మా గోడ ఎక్కేవారు. వాళ్ళకు నేను టికెట్ లేని సినిమా. వాళ్ళలో పదో తరగతి పిల్ల ఒకతి నాకంటే గడుసుది. "అక్కా, బస్తకు నువ్వు ఇష్టం లేనట్టున్నవ్. అటు జరుగుతున్నది సూడు" అంది. అంతే, నేను బస్తాతో సహా కింద పడి నవ్వాను. అటుగా పోతున్న మా అమ్మ బస్తాను లేపి నిలబెట్టి, "ఇది నయం, మీ బాపు అయితె ఇప్పటికే లేసి చాయ్ అడుగుతుండె" అని వెళ్ళిపోయింది.

నానమ్మ ఓపిక పట్టింది. పాట మొదటినుంచి మళ్ళీ ఎత్తుకుంది. "గొంతు ఒక్కసారి కింద పడెయ్యకు. పొయ్యి మీదికెల్లి పాలకుండ దించినట్టు దించాలె. ఆఖర్ల ఊపిరి తెగాలె గని మాట తెగొద్దు." వింటే ఏమీ లేదనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. ఊపిరి తెగిన చోట మాట కూడా తెగుతుంది, మాట నిలబెడితే ఊపిరి ఆగి దగ్గు వస్తుంది. నేను దగ్గినప్పుడల్లా నానమ్మ "ఆఁ, గదే, గదే, ఇంకొంచెం" అనేది. నిజంగా పొలమారినప్పుడు కూడా అదే అంది.

ఏడుపు అయ్యాక ఆట. నడుము వంచి, చప్పట్లు కొడుతూ, గుండ్రంగా తిరిగే ఆట. దీనికి మాత్రం గోడ మీది పిల్లలు దిగి వచ్చేవారు. అద్దాల లంగాలు కట్టుకుంటే ఫొటోలు బాగా వస్తాయి కాబట్టి. లంగా కింద జీన్సు, చెవిలో పాట, ఫోనులో చూసిన స్టెప్పు. నానమ్మ మోకాళ్ళు పట్టుకుని మధ్యలో నిలబడి అరిచేది. "కాళ్ళు నేలతోని ముచ్చట పెట్టినట్టుండాలె, నేలను తన్నినట్టు గాదు! భూమి నీకేం జేసిందే?" పిల్లలు ఒక చుట్టు సరిగ్గా తిరిగేవారు. రెండో చుట్టుకు ఎవరో ఒకరు స్టెప్పు వేసేవారు. పాట మాత్రం ఎవరూ అందుకునేవారు కాదు. నానమ్మ పాడి ఆపితే, ఆ ఆపిన చోట ఎవరైనా ఎత్తుకుంటారేమోనని ఒక క్షణం ఆగేది. అందరూ చప్పట్లు కొడుతూ ఉండేవారు. ఆమే మళ్ళీ ఎత్తుకునేది.

అది చూశాక నేను కొంచెం గట్టిగా సాధన చేశాను. మధ్యాహ్నం టిఫిన్ తినేశాక క్లినిక్ వెనక గదిలో తలుపు వేసుకుని పాడేదాన్ని. తలుపు సందులోంచి గొంతు బయటికి పోతుందని నాకు తెలియదు. బయట గదిలో కూర్చున్నవాళ్ళకు లోపల ఎవరికో మత్తుసూది లేకుండానే పన్ను పీకుతున్నట్టు వినబడిందట. వేల్పూర్ నుంచి వచ్చిన పసుపు రైతు ఒకాయన, "నాకు నొప్పి తగ్గింది సారూ" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఇంకొంతమందికి తగ్గింది. డాక్టర్ వచ్చి తలుపు తట్టి, "అమ్మా, పాటన్న బంద్ చెయ్యి, లేకుంటె క్లినిక్కన్న బంద్ చేస్త" అన్నాడు. ఈ సంగతి చెబితే నానమ్మ మొదటిసారి మెచ్చుకుంది. "మగోళ్ళు లేసి ఉరికిండ్రంటె, గొంతు పడుతున్నట్టే."

ఇక ఎద్దు. చెరుకు కొట్టే కాలంలో మహారాష్ట్ర నుంచి బండ్లవాళ్ళు బోధన్ దిక్కు వస్తారు, ఎద్దుల బండ్ల మీద చెరుకు తోలతారు. బాపు పోయి తనకొచ్చిన అంగడి మరాఠీలో ఒకాయనతో మాట కలిపాడు. ఆయనకు జోడు ఎద్దులున్నాయి, తెల్లనివి, బుద్ధిమంతులు. "తీసుకపోతే రెండింటిని తీసుకపో" అన్నాడట ఆయన. బాపు నవ్వాడట. "పెండ్లికూతురు ఒక్కతే గద. రెండెద్దులెందుకు? ఒక్కో కాలు ఒక్కోదాని మీద పెడుతదా?" ఈ మాట ఇంట్లో అందరికీ సబబుగానే తోచింది. నాకు కూడా.

పెళ్ళినాడు పొద్దున ఎద్దు ట్రాలీ ఆటోలో నిలబడి ఎమ్మెల్యేలాగా వచ్చింది, యజమానితో సహా. గుట్ట మలుపులు ఎక్కలేక ఆటో కింద కల్వర్టు దగ్గరే ఆగితే, అక్కడి నుంచి నడిపించుకొచ్చారు. కొమ్ములకు రంగు, మెడకు గంటలు. మా ఆడవాళ్ళు దానికి బొట్టు పెట్టారు. అది వాళ్ళను పట్టించుకోకుండా పందిరికి కట్టిన చెరుకు గడలు తినేసింది. పందిరి ఒక పక్కకు వాలింది. పెద్దమనుషులు మా ఇద్దరినీ పెళ్ళి చుట్లు తిరగమన్నప్పుడు మేము కూడా ఒక పక్కకు వాలి తిరిగాం.

సాగనంపే పూట వచ్చింది. నానమ్మ తన పెళ్ళినాటి రవిక తొడిగింది నాకు. దాని అద్దాల్లో తండా మొత్తం ముక్కలు ముక్కలుగా కనబడుతోంది. ఆమె నా పక్కనే నిలబడింది, చెయ్యి నా నడుము మీద. ప్రేమతో కాదు, నవ్వితే గిల్లడానికి.

ముందు అమ్మ. మెడ పట్టుకున్నాను. బస్తా కంటే సన్నగా ఉంది. "యాడీ, నీ చారుల ఉప్పు మర్సిపోతివి, నీ తిట్లల్ల మర్వకపోతివి, నేనిగ ఉప్పెక్కడ తిందు యాడీ..." అని రాగం తీశాను. ఆడవాళ్ళల్లో నవ్వు లేచింది. అమ్మ నవ్వబోయి ఏడ్చింది. తరవాత అన్న. అప్పటిదాకా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటోలకు నిలబడ్డవాడు. "భియా, నీ బండి ఆగితె తోసింది నేను, నడిస్తె ఎక్కింది నీ దోస్తులు, రేపు గుట్ట మీద ఎవ్వలు తోస్తరు భియా..." కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి, వాటి వెనక నా అన్న చిన్నపిల్లవాడిలా ముడుచుకుపోయాడు. నా కడుపులో నవ్వు సోడా సీసాలో గోలీలాగా కొట్టుకుంటోంది. నానమ్మ గిల్లింది. బాపు దగ్గరికి వచ్చేసరికి ఏది నవ్వో ఏది రాగమో నాకే తెలియడం లేదు.

ఎద్దు ఎక్కించారు. ఇద్దరు మేనత్తలు చెరో పక్క పట్టుకున్నారు. తండా అంతా కింద నిలబడింది. అత్తగారి తరఫు కారు వెనక సిద్ధంగా ఉంది. నేను గొంతు ఎత్తాను. ఒక్క చరణం, పాలకుండ దించినట్టే దిగింది. ఎవరూ కదల్లేదు. గోడ పిల్లలు కూడా నోరు మూసుకున్నారు. నానమ్మ కళ్ళు మూసుకుంది.

అప్పుడు ఎద్దు తల ఎడమ పక్కకు తిప్పి చూసింది. అక్కడ ఉండాల్సిన రెండో ఎద్దు లేదు. బాపు పుణ్యమా అని. ఇది ఒక అడుగు వేసింది. తరవాత ఇంకొకటి. తరవాత గుట్ట దిగే తోవ పట్టింది.

"థాంబ్ రే, థాంబ్!" అని ఆగమంటూ యజమాని ఉరికాడు. బాపు కాక మరాఠీ అర్థమయ్యేది తండాలో ఒక్క ఎద్దుకే అనుకున్నాం. దానికీ అర్థం కాలేదు. అత్తలు నన్ను వదిలేశారు. నేను నిలబడ్డదాన్ని కూలబడి మూపురం కౌగిలించుకున్నాను.

"ఏమంటున్నడాయన?" అమ్మ బాపును అడిగింది.

"జోడు లేకుంటె నిలవదట. దేవులాడుకుంట పోతదట."

"గీ ముచ్చట నీకు ముందు సెప్పలేదా?"

"సెప్పిండు."

"మరి?"

బాపు ఎద్దు వెనక పరుగెత్తడమే మంచిదనుకున్నాడు.

"దించుండ్రి పిల్లను!" అని ఎవరో అన్నారు. "దించితె కాళ్ళిరగ్గొడుత!" అని ఇంకెవరో అన్నారు. ఆ ఇంకెవరో మా నానమ్మ. పొద్దంతా మోకాళ్ళు పట్టుకుని తిరిగిన మనిషి లంగా ఎత్తి కట్టి ఎద్దు పక్కన నడుస్తోంది. "ఎనుకట ఎద్దు నడుస్తుంటెనే పాడేటోళ్ళం! నిలవెట్టింది మీరు, ఫొటోల కోసం! పిల్లా, ఎద్దు ఆగేదాంక పాట ఆపకు!"

పాడాను. తెలిసిన చరణాలు మొదటి మలుపులోనే అయిపోయాయి. ఎద్దు ఆగలేదు. "ఇప్పుడేం పాడాలె దాదీ?" అని అరిచాను. "కండ్లకు కనవడ్డదానికి పాడు!" అంది. కనబడింది నీళ్ళ ట్యాంకు. "ట్యాంకీ, నిన్ను కట్టిననాడు కొబ్బరికాయ కొడితిమి, ఆ కాయల నీళ్ళే నీ నీళ్ళాయె, నేను పోతున్న..." తరవాత సెల్ టవరు. "టవరూ, నీ కిందనే ఉంటిమి, నీకు మా మాట ఇనవడకపాయె, నేను పోతున్న..." ప్రతి చరణం చివర ఒకే మాట: నేను పోతున్న, నా జాడ మీ దగ్గర పెట్టి పోతున్న. ఊపిరి తెగే చోటు అదే. నాకు నవ్వు, ఎద్దు కుదుపు, ఊపిరి మూడూ కలిసి ఎక్కడ తెగాలో అక్కడే తెగుతున్నాయి.

రేషన్ దుకాణం దగ్గర నా గొంతు పట్టేసింది. నేను ఆగాను. ఆగిన చోట వెనక నుంచి ఆ చివరి మాట వినబడింది. గోడ పిల్లలు. అన్నిసార్లు విని విని నోటికి వచ్చేసింది వాళ్ళకు. ఊపిరి తెంచి, మాట తెంచకుండా ఎత్తుకున్నారు. తోవ వెడల్పైన చోటల్లా గుండ్రంగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఉరుకుతున్నారు. ఎవరూ స్టెప్పు వేయలేదు. ఎద్దును అందుకునే తొందరలో స్టెప్పుకు తీరిక ఎక్కడిది? నానమ్మ వెనక్కి తిరిగి చూసి కాలు తడబడి, ఎద్దు తోక పట్టుకుని నిలదొక్కుకుంది. ఎద్దు ఏమీ అనలేదు. వెనక మా అన్న, అన్న వెనక బ్యాండువాళ్ళు, వాళ్ళ వెనక హారన్ కొట్టుకుంటూ పెళ్ళికొడుకు కారు.

కింద కల్వర్టు దగ్గర తాను వచ్చిన ట్రాలీ ఆటో కనబడగానే ఎద్దు ఆగింది. దాని వెనక తలుపు మీద మూతి పెట్టి నిలబడింది. జోడు దగ్గరికి పోయే బండి ఏదో దానికి తెలుసు.

నన్ను దింపారు. నానమ్మ కల్వర్టు మీద కూర్చుని రొప్పుతోంది. దగ్గరికి పోయాను.

"ట్యాంకీ పాట మంచిగున్నది," అంది ఊపిరి తీసుకుంటూ. "టవర్ పాటల ఒక్కకాడ తప్పినవ్. యాడి పాటల నవ్వినవ్."

"నవ్వలే దాదీ. కండ్లల్ల నీళ్ళు సూడు."

నా చెంప మీద బొటనవేలుతో తుడిచి, ఆ వేలు నోట్లో పెట్టుకుంది. "ఉప్పగనే ఉన్నయ్. నవ్విన నీళ్ళా, ఏడ్సిన నీళ్ళా?"

"నాకేం ఎరుక?" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఆమె ఇంకేదో అనబోతుంటే పదో తరగతి పిల్ల మధ్యలోకి దూరింది, చెమటలు కారుతూ. "దాదీ, అక్క టవర్ పాటల ఎక్కడ తప్పింది? ఊపిరి ముందుగాల తెంపాలెనా, ఎనుక తెంపాలెనా?"

నానమ్మ నన్ను వదిలేసింది. "ఇట్ల రా. కూసో. ముందుగాల గొంతు దించు," అంటూ మొదలుపెట్టింది. మిగిలిన పిల్లలు కూడా చుట్టూ కూర్చున్నారు. ఒకతి పాడింది. నానమ్మ కాదంది. ఇంకొకతి పాడింది.

పెళ్ళికొడుకు కారులోంచి తల బయట పెట్టి, ఆ రోజు మొదటి మాట మాట్లాడాడు. "ఇంకెంతసేపు?"

"బండి బంద్ చెయ్యిరా," అంది వాళ్ళమ్మ, మా అత్తగారు, డోరు తీసుకుని దిగుతూ. "నేను గూడ పాట ఇంట."

నన్ను సాగనంపడానికి వచ్చిన తండా మొత్తం నాకు వీపు పెట్టి కూర్చుంది. పెళ్ళికూతుర్ని నేనని అప్పుడు గుర్తున్నది ఒక్క ఫొటోగ్రాఫర్‌కు, అతను కూడా ఎద్దును తీస్తున్నాడు. నేను లంగా సర్దుకుని పోయి వెనక వరసలో అత్తగారి పక్కన కూర్చున్నాను. టవర్ పాట నాదే కదా, ఎట్లా పాడతారో చూద్దామని.